తుంగభద్ర దాటిన హాలీ ముడుపు

నా జుట్టు ఇప్పటికి వేలెడు పెరిగింది. మా వీధిలో ఎదురైన ప్రతి ఆడమనిషీ దాన్ని చూసి "ఏమైందమ్మా?" అని అడగడం, నేను మొదటినుంచీ మొదలుపెట్టడం, కథ మంచి పట్టులో ఉండగా ఎవరి పొయ్యిమీదో పాలు పొంగడం! ఇలా చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకని ఒక్కసారే రాసి పారేస్తున్నాను. తిరుపతి చూడనివాళ్లు చదువుకోండి. చూసినవాళ్లు తప్పులుంటే చెప్పండి, నేనెలాగూ ఒప్పుకోను.

నేను పుట్టింది చిత్తూరులో. పెళ్లై హైదరాబాదు వచ్చి పదిహేనేళ్లయింది. మావారు బడిలో లెక్కలు చెబుతారు, నేను మిషను మీద రవికెలు కుడతాను. చిత్తూరులో మా అక్క కామాక్షి ఉంది. పద్దెనిమిదో ఏట భర్త పోతే, ఆనాటి ఆచారం ప్రకారం తల తీయించి మూల కూర్చోబెట్టారు. ఆమె కూర్చోలేదు. ఎవరి పంచనా చేరకుండా, ఒక అద్దెగది తీసుకుని అప్పడాలు ఒత్తి బతికింది. ఈ వేసవిలో ఆమె కార్డు రాసింది. ఇంటివాడు ఆ గదీ వెనక పెరడూ వెయ్యి రూపాయలకు అమ్మేస్తున్నాడట. ఆమె దగ్గర ఆరువందల యాభై ఉన్నాయి. మిగతా మూడువందల యాభై ఫలానా శుక్రవారం లోపల కడితే ఆమెకు, లేదంటే పక్కనున్న సైకిళ్ల కొట్టువాడికి. "నిన్ను అడగడం లేదు, తెలియజేస్తున్నాను" అని కింద రాసింది. మా అక్క అడగడమంటే అదే.

నా దగ్గర అయిదేళ్ల రవికెల డబ్బు అయిదు వందలుంది. అయితే అవి హాలీలు. ఈ కాగితాలు బయటివాళ్ల చేతిలో పడితే వాళ్లకోసం చెబుతున్నాను: మన నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ రూపాయి, తుంగభద్ర దాటితే చెల్లేది కల్దారు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లని పుస్తకంలో లెక్క. ఆ లెక్కన నాకు నాలుగు వందల పైచిలుకు రావాలి. కాని అవి ఎలాంటి రోజులో మీకు గుర్తే. మన సర్కారుకీ ఢిల్లీకీ పొసగడం లేదు. రేపు సంధో, యుద్ధమో ఎవరికీ తెలియదు. కల్దారు కనబడితే పెట్టె అడుగున దాచుకునేవాళ్లే గాని మార్చి ఇచ్చేవాళ్లు ఊళ్లో లేరు. అవతలికి పోయి మార్చుకోవలసిందే.

మావారికి సెలవు దొరకలేదు. మా అత్తగారు మాత్రం, "తిరుపతి దాక పోతవా? నేనొస్త" అని అప్పటికప్పుడు చీరలు మూట కట్టారు. డెబ్బై ఏళ్ల పాలమూరు మనిషి. వెంకన్నని రోజూ పిలవడమే గాని ఎప్పుడూ చూడలేదు.

వంతెనకు ఇవతల

తుంగభద్ర వంతెనకు ముందు స్టేషనులో రైలాపి, కరోడ్‌గిరీ వాళ్లు, అదే, సుంకం జవాన్లు, మూటలన్నీ విప్పి చూస్తున్నారని విన్నాను. అన్ని నోట్లు చూస్తే ఏమంటారో, ఏం లాక్కుంటారో! నాకు ఒక ఉపాయం తట్టింది. నోట్లన్నీ పసుపు గుడ్డలో పెట్టి, పైకి ఉబ్బి కనబడేట్టు నాలుగు బిళ్లలు వేసి, ముడివేసి, కుంకుమబొట్టు పెట్టాను. అచ్చంగా తిరుపతి ముడుపే. మొక్కుకున్నవాళ్లు స్వామికి ఎత్తిపెట్టే మూట అది. దాన్ని ఎవరు ముట్టుకుంటారు? నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా రైలుపెట్టెలోకి వచ్చిన జవాను నెరిసిన గడ్డం సాయిబు. కళ్లజోడుకి ఒకవైపు దారం కట్టుకున్నాడు.

"గా పసుపు మూటల ఏమున్నదమ్మా?"

"తిరుపతి వెంకన్న ముడుపు," అన్నాను. గొంతు వణకలేదు, శభాష్ అనుకున్నాను.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోటుకి తుడుచుకుని, రెండు వేళ్లతో మూటను తాకి కళ్లకద్దుకున్నాడు. తరవాత జేబులోంచి ఒక అర్ధరూపాయి తీశాడు.

"బాలాజీకి నాది గూడ వెయ్యమ్మా. మా బిడ్డ కాన్పు దగ్గర పడ్డది."

నేను నోరెళ్లబెట్టి తీసుకున్నాను. ఆయన ఎదురుగానే ముడి కొంచెం వదులుచేసి అందులో వేశాను. ఆయన దిగిపోయాడు, రైలు వంతెన ఎక్కింది, నాకు చెప్పలేని హుషారు! గెలిచామని అత్తగారి వైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడటం లేదు, మూటను చూస్తున్నారు.

"నోటితోని స్వామిదన్నవ్. ఆ సాయిబు నమ్మి కండ్లకద్దుకున్నడు. ఇగ అది నీది ఎట్లయితది?"

"అత్తయ్యా, అది అక్క ఇంటి డబ్బు!"

"అయితే అప్పుడే అట్ల అనకపోతివా?"



గుంతకల్లు, రేణిగుంట

కర్నూలు స్టేషనులో మూట ఊసెత్తకుండా ఒక మార్వాడీని ధర అడిగాను. నూరు హాలీలకు డెబ్బైఎనిమిది అన్నాడు. పుస్తకం లెక్కన ఎనభై అయిదు దాటాలి. పట్టపగలు దోపిడీ అనుకుని, ఇంకా దూరం పోతే మంచి ధర వస్తుందని ఊరుకున్నాను. మరునాడు గుంతకల్లులో డెబ్బైనాలుగు! మన రూపాయి మన ఊరినుంచి ఎంత దూరం పోతే అంత చిక్కిపోతుందని అప్పుడు తెలిసింది.

అయినా నా సంతోషానికి ఏమీ లోటు రాలేదు, ఎందుకంటే గుంతకల్లులో ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి, పిండి, పోపుపెట్టి, పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి, విస్తరాకులో అణాకి ఇచ్చారు. అత్తగారు బొరుగులు పేరంటానికి పంచేవి గాని ఫలహారమెట్లా అవుతాయని ముందు ముఖం తిప్పుకున్నారు. తరవాత నా విస్తరాకులో చెయ్యి పెట్టారు. రేణిగుంటలో దిగేసరికి చెవిలో మా ఊరి మాట పడింది. "యాడికి పోవాలమ్మా? రాండి, ఈడ బండి ఉండాది" అని ఒక కూలీ అరిచాడు. పదిహేనేళ్ల తరవాత ఆ "ఉండాది" వినేసరికి నాకు ఏడుపొచ్చింది. అత్తగారికి మాత్రం సగం అర్థం కాలేదు.

తిరుపతి

మంగళవారం పొద్దున తిరుపతిలో దిగి సత్రంలో చేరాం. అబ్బ, ఏం ఊరు! తల ఎత్తితే ఏడుకొండలు, తల దించితే గుండ్లు. హైదరాబాదులో గుండు కనబడితే ఎవరు పోయారని అడుగుతాం. ఇక్కడ మొగుడూ పెళ్లాం పిల్లలూ వరసగా గుండ్లతో, గంధం పూసుకుని నవ్వుతూ పోతున్నారు. కాఫీ అణా, గ్లాసు చిన్నదే గాని నురగ పెద్దది. ఇరానీ చాయ్ అలవాటైన మా అత్తగారు, "ఇది తాగేటిదా, వాసన చూసేటిదా?" అన్నారు.

రథంవీధి మొగలో ఒక సరాబు కొట్టుంది. సరాబంటే డబ్బు మార్చేవాడు. కొట్టు ముందు ఒక బడి పలక వేలాడదీసి, దానిమీద సుద్దముక్కతో హాలీ ధర రాసిపెట్టాడు. దాని చుట్టూ మనవాళ్లే, హైదరాబాదు వాళ్లు, యాభైమంది! పంతుళ్లు, రెడ్లు, బురఖా వేసుకున్న ఒక ఆవిడ, అందరూ ఆ పలకను దేవుడి పటాన్ని చూసినట్టు చూస్తున్నారు. పలకమీద డెబ్బైరెండు. అంటే నాకు మూడువందల అరవై. అక్క ఇల్లు గట్టెక్కినట్టే!

"ఇప్పుడే మార్చుకోమ్మా," అన్నాడు సరాబు సెట్టియారు. "పన్నెండు గంటల బండికి మద్రాసు పేపరు వస్తుంది. అది సూసినాక ఏం రాస్తానో నాకే తెల్దు."

నేను మూటమీద చెయ్యి వేశాను. మా అత్తగారు నా చెయ్యిమీద చెయ్యి వేశారు.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను."

"నాకెందుకు? కొండమీద ఉన్నడు, ఆయనకు పెట్టు."

వీధిలోనే పోట్లాడాను. అత్తగారితో అలా గొంతెత్తడం నా జన్మలో అదే మొదలు. ఆవిడ తగ్గలేదు. లాక్కుని మార్చుకునేదాన్నే, కాని లోపల ఎక్కడో ఆ సాయిబు కోటుకి చెయ్యి తుడుచుకోవడం గుర్తొస్తోంది. ఈలోపల పేపరు వచ్చింది. సెట్టియారు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. ఢిల్లీ పోయిన రాయబారం ఏమీ తేల్చుకోకుండా తిరిగివచ్చిందట. ఆయన తడిగుడ్డతో పలక తుడిచి, అరవైఆరు అని రాశాడు. "అయ్యో!" అని యాభైమందీ ఒక్కసారి అరిచారు. అందరికన్నా గట్టిగా నేనే అరిచాను.

మూడువందల ముప్పై. అక్కకి ఇరవై తక్కువ. శుక్రవారానికి మూడు రోజులు.

కొండమీద

బుధవారం పొద్దున కొండకు బస్సెక్కాం. ఈ ఘాటురోడ్డు వేసి ఎన్నో ఏళ్లు కాలేదు, అంతకుముందు అందరూ మెట్లెక్కినవాళ్లే. ప్రతి మలుపులోనూ బస్సు ముందరి భాగం గాలిలోకి పోతుంది, "గోవిందా!" అని అందరూ అరుస్తారు, మళ్లీ రోడ్డుమీదికి వస్తుంది. నాకు భయం వేయలేదు, ఒకటే నవ్వు. అత్తగారు కళ్లు మూసుకుని, "ఇంత దూరం పిలిచి ఇక్కడనా చంపుతవ్?" అని స్వామినే అడిగారు.

అత్తగారికి పాత మొక్కు ఉంది, తల ఇవ్వాలి. కల్యాణకట్ట దగ్గర వరసలో కూర్చున్నాం. మంగలి ముసలాయన కత్తి నూరుతూ, నా ఒళ్లోని మూటను చూసి, "ఎప్పుడు కట్టినావమ్మా ముడుపు?" అని మాటవరసకి అడిగాడు. నా కడుపులోదంతా ఒక్కసారిగా బయటపడింది. సుంకం జవాను, అక్క ఇల్లు, పలక, అంతా చెప్పేశాను. ఆయన కత్తి ఆపి వింటున్నాడు.

"స్వామి డబ్బు కాదు కదా, డబ్బుకి స్వామి పేరు పెట్టినావు," అన్నాడు. "అది అబద్ధమే. ఆ అబద్ధం మీయక్క ఇంటిమీద యాల పడాల? నీ మీద పడాల గానీ."

వెంటనే అత్తగారి వైపు తిరిగాను.

"నేను తల ఇస్తాను. మూట విడిచిపెట్టండి."

నా జడ గురించి మీకు తెలుసు. మోకాళ్ల దాకా ఉండేది. పెళ్లిలో ముగ్గురు కూర్చుని పూలజడ వేశారు. దానికి నేను చేసిన చాకిరీ మావారికి కూడా చెయ్యలేదు. అత్తగారు దాన్ని చూశారు, నన్ను చూశారు.

"మూడు కత్తెరలా?"

"మొత్తం."

"జడంతనా?" ఆవిడ జడ కొస చేతిలోకి తీసుకున్నారు. ఆ తరవాత నా నెత్తిమీద చెయ్యి పెట్టి, "ఇవ్వు బిడ్డా. ఇది నీకెంత ప్రాణమో నాకెరుక లేదా? గీ ముడుపు చాలు ఆయనకు. నా కొడుక్కి నేను చెప్త," అన్నారు.

ముసలాయన నీళ్లు చల్లాడు. జడ ఒళ్లో పడ్డప్పుడు బరువుగా ఉంది. ఏడుస్తానేమో అనుకున్నాను, కాని తలకి గాలి తగిలింది చూడండి, ఆహా! ముప్పైరెండేళ్లలో ఆ గాలి నాకు తెలియదు. గుళ్లోకి నవ్వుతూనే పోయాను. స్వామి కనబడినంతసేపు, ఆ ఒక్క నిమిషం, ఏమీ అడగలేదు. హుండీ దగ్గర మూట విప్పి, జవాను ఇచ్చిన అర్ధరూపాయి కళ్లకద్దుకుని వేశాను. ఆయన పేరు తెలియదు కనక, "కళ్లజోడుకి దారం కట్టుకున్నాయన బిడ్డకి" అని చెప్పాను.

గాజుల అంగడి

గురువారం కిందికి దిగి పలక చూశాం. అరవైరెండు. మూడువందల పది. సైకిళ్ల కొట్టువాడి మొహం నాకు కళ్లకు కట్టింది, వాణ్ని నేను చూడకపోయినా సరే.

"ఏడ్చేది తర్వాత," అన్నారు అత్తగారు. "ముందు గాజులేసుకో. బోడిగుండుతోని, ఉన్న రెండు గాజులతోని పోతే మీ ఊళ్ల మా వాణ్ని చంపేస్తరు."

నిజమే. గాజుల అంగడికి పోయాం. అంగడతను నలభై ఏళ్లవాడు, పేరు మునస్వామి. నున్నటి లక్కగాజులు ముందు పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను, మన చార్మినారు దగ్గరివి! జత ఎంతని అడిగితే, అక్కడి ధరకి రెట్టింపు చెప్పాడు.

"ఇంత ధరా?" అని పోట్లాటకి దిగాను. హైదరాబాదు గాజులు నాకు చెబుతాడా?

"నేనేం చేసేదమ్మా?" అన్నాడు అతను. "కర్నూలు దాటితే మన కల్దారుతో సరుకు కొననీకుండా మీ సర్కారు ఆర్డరేసింది. సరుకు తేవాలంటే హాలీలు కావాల. సెట్టియారు దగ్గిర నూరు హాలీలు ఎనభైకి కొంటా ఉండా. ఇంగ గాజు యాడ అగ్గువకి వస్తాది?"

నేను అత్తగారి మొహం చూశాను. అత్తగారు నా మొహం చూశారు.

"ఎనభైకా?" అన్నాను. "మా దగ్గర అరవైరెండుకి కదా కొంటున్నాడు!"

మునస్వామి చేతిలో గాజులు అలాగే ఉండిపోయాయి. "అరవైరెండా? వాడి..." అని, మా అత్తగారు ఉన్నారని మిగతాది మింగేశాడు.

ఇంకేముంది! మూట ఒళ్లోంచి గల్లాపెట్టె మీదికి ఎక్కింది. నేను డెబ్బైఅయిదు అన్నాను, అతను డెబ్బై అన్నాడు. డెబ్బైరెండు దగ్గర అత్తగారు, "అయిపాయె" అని తీర్పు చెప్పారు. మంగళవారం జారిపోయిన డెబ్బైరెండే! నోటు నోటూ వెలుతురుకి పెట్టి చూసుకుని, అతను నన్ను ఒక్క మాట అడిగాడు.

"అమ్మా, నేను పైవారం ఆడికి పోతా ఉండా. అప్పటికి ఇవి చెల్లుతాయా? నువ్వు ఆ ఊరిదానివి, నిజం చెప్పు."

అబద్ధం చెప్పేదాన్నే, మొన్నటి నేనైతే. "నేను బతికేది వీటితోనే," అన్నాను. "నేను బయల్దేరిన పొద్దున కూరగాయలు వీటితోనే కొన్నాను. పైవారం సంగతి నాకు తెలియదు, ఎవరికీ తెలియదు."

అతను ఆలోచించి మూడువందల అరవై కల్దార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. "తెల్దు అన్నావు కాబట్టి నమ్మినాను," అని, రెండు చేతులకీ నిండా గాజులు ఊరికే తొడిగించాడు.

చిత్తూరు

చిన్న రైలు పాకాల మీదుగా పోతుంటే కిటికీలోంచి ఎటు చూసినా మామిడితోటలే. పాకాలలో బెంగుళూర మామిడికాయ చీరి, ఉప్పూకారం అద్ది, అర్ధణాకి ఇచ్చారు. సాయంత్రానికి చిత్తూరు. అక్క గుమ్మంలోనే ఎండిన అప్పడాలు ఎత్తుతోంది. నేను ట్రంకుపెట్టె దించడానికి వంగాను, తలమీది కొంగు జారింది.

అక్క నా తల చూసింది. ఆమె చేతిలో జల్లెడ కిందపడింది.

"సరసూ! నీకూ నా గతేనా?" అని, రెండు చేతులతో తన బోడితల పట్టుకుని కూలబడింది. హైదరాబాదులో కొట్లాటలని రోజూ వింటోంది కదా, మావారు పోయారనుకుంది. నేను గబగబా రెండు చేతులూ ఆమె మొహం ముందు పెట్టి గాజులు ఆడించాను. గలగలగల! అక్క ఆ గాజుల్ని పట్టుకుని చూసింది, బొట్టు చూసింది, ఆఖరికి నా వెనక గుండుతో నిలబడ్డ అత్తగారిని చూసింది.

"తిరపతి గుండా? చెప్పి చావకూడదటే!" అని నా వీపుమీద ఒక్కటిచ్చింది. ఆమె అలా నవ్వడం నేను చిన్నప్పుడు చూసిందే. ముగ్గురం బోడిగుండ్లతో కూర్చుని, రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, మీదికి వేరుశనగ నూనె, చేతులు ఎండిపోయేదాకా తిన్నాం. జొన్నరొట్టె మనిషి అయిన అత్తగారు సంగటిముద్ద నమలబోతే, "నమలకూడదమ్మా, మింగాల," అని అక్క నేర్పింది.

శుక్రవారం పదకొండు గంటలకి రిజిస్ట్రారు కచేరీలో ఇల్లు అక్క పేరుమీద రాశారు. "పేరు?" అని గుమాస్తా అడిగితే, మొగుడి పేరూ తండ్రి పేరూ చెప్పకముందే, "కామాక్షి. అప్పడాల కామాక్షి," అంది.

మళ్లీ వంతెన

ఇప్పుడు మళ్లీ ఏడుకి ఆరే ఇస్తున్నారని విన్నాను. ఆ గొడవంతా సద్దుమణిగింది, నోట్లు చక్కగా చెల్లుతున్నాయి. ఆగి ఉంటే నాలుగువందల పైచిలుకు వచ్చేదని మావారు లెక్క వేసి చూపించారు. ఆ లెక్క సైకిళ్ల కొట్టువాడికి చూపించమన్నాను.

తిరుగు ప్రయాణంలో వంతెన దాటగానే రైలాగింది. దాచుకోవడానికి నా దగ్గర ఏమీ లేకపోయినా ట్రంకుపెట్టె మూత ఒకసారి నొక్కి చూసుకున్నాను. ఆయనే ఎక్కాడు, దారం కట్టిన కళ్లజోడు. నా తల చూసి ఆగాడు.

"మా కరోడ్‌గిరీయే నయమమ్మా. బాలాజీ గట్టిగనే వసూలు జేసిండు."

అత్తగారు పకపకా నవ్వారు. ఆయన గొంతు తగ్గించి, "ముడుపు ముట్టిందా?" అన్నాడు.

"మీ అర్ధరూపాయి ముట్టింది," అన్నాను. "మిగతాది..."

"ఎర్కే."

"ఏం ఎరుక?"

"స్వామి మూటను ఎవరన్న చేతులల్ల పట్టుకుంటరు. నువ్వు కడుపుకు అదుముకున్నవ్. ఇరవై ఏండ్ల సంది మూటలే జూస్తున్న తల్లీ."

"మరి ఎందుకు విడిచిపెట్టారు?"

"ఆయన పేరు జెప్పినంక విప్పమంటె బాగుంటదా?" అని పెట్టెమీద చాక్‌పీసుతో గీత గీశాడు, చూశామన్న గుర్తు. "అందుకే నా పైసలు అండ్ల వేసిన. మూటల ఒక్కటన్న నిజముండాలె గద."

అత్తగారు గబగబా మూట విప్పి కొండ లడ్డు తీసి, "గిది మీ బిడ్డకు" అని అందించారు. "ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు," అని ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని దిగిపోయాడు. ఈసారి కూడా నేను ఆయన పేరు అడగలేదు. తలమీద కొంగు లేదన్న సంగతి నేను గద్వాల వచ్చేదాకా గమనించలేదు.